కంబోడియాలోకి వియత్నాం సైన్యం వెళ్ళడం న్యాయమేనా?

1979 జనవరి 7న వియత్నాం సైన్యం కంబోడియా రాజధాని నాంపెన్‌లోకి ప్రవేశించేసరికి నగరం దాదాపు ఖాళీగా ఉంది. అక్కడి జనాన్నంతా నాలుగేళ్ళ కిందటే ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు వర్గపు ప్రభుత్వం పల్లెలకు తరిమేసింది. కుళ్ళిన వాసన పట్టుకుని వెళ్ళిన వియత్నాం ఫొటోగ్రాఫర్లకు ఒక పాత హైస్కూలు కనిపించింది. తరగతి గదుల్లో ఇనుప మంచాలకు కట్టేసిన శవాలున్నాయి. అదే టువోల్ స్లెంగ్, ఎస్-21 అనే రహస్య జైలు. ఆ జైలుకు 12,000 మందికి పైగా ఖైదీలను తీసుకొచ్చారని తర్వాత తేలింది. ప్రాణాలతో బయటపడినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మంది.

అదే నెల 15న న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి ముందుకు ఒక తీర్మానం వచ్చింది. విదేశీ సైన్యాలు కంబోడియా నుంచి వెళ్ళిపోవాలన్నది దాని సారాంశం. 15 సభ్యదేశాల్లో 13 దాన్ని సమర్థించాయి. సోవియట్ యూనియన్ వీటో చేయకపోతే అది నెగ్గేది. ఇంకో నెల తిరిగేసరికి, ఫిబ్రవరి 17న, చైనా వియత్నాం మీదికి సైన్యాన్ని పంపింది. కంబోడియాలో పోరు మరో పుష్కరకాలం సాగింది.

ఈ చరిత్ర గురించి జనం రెండు రకాలుగా మాట్లాడతారు. వియత్నాం వెళ్ళకపోతే కంబోడియాలో ఇంకెన్ని లక్షల మంది పోయేవారో అంటారు కొందరు. పక్క దేశాన్ని ఆక్రమించి, పదేళ్ళు తిష్ఠ వేసి, దానికి విముక్తి అని పేరు పెట్టుకుంది అంటారు ఇంకొందరు. రెండు మాటల్లోనూ నిజముంది. ఇవి ఒకే ప్రశ్నకు జవాబులనుకోవడం వల్లే చిక్కంతా వస్తోంది. సరిహద్దు దాటడం ఒక పని. ప్రభుత్వాన్ని కూల్చడం ఇంకో పని. కూల్చాక అక్కడే ఉండిపోవడం మూడో పని. మూడింటికీ కలిపి ఒకే తీర్పు చెప్పలేం. మొదటి రెండూ న్యాయమేనని నేననుకుంటున్నాను. మూడోదానికి మొదట్లో ఉన్న సమర్థన ఏడాదికేడాదీ తరిగిపోతూ వచ్చింది. ఎందుకలా అంటున్నానో చెప్పాలంటే గొడవ మొదలైన చోటుకి వెళ్ళాలి.

1975 ఏప్రిల్ 17న నాంపెన్ ఖ్మేర్ రూజ్ చేతికి వచ్చింది. పదమూడు రోజులకు సైగాన్ వియత్నాం కమ్యూనిస్టుల వశమైంది. ఇద్దరూ అమెరికాతో పోరాడి గెలిచినవాళ్ళే, ఇద్దరివీ ఎర్రజెండాలే. అయినా నెల తిరక్కుండానే వాళ్ళ మధ్య తుపాకులు పేలాయి. ఆ మే నెలలో ఖ్మేర్ రూజ్ దళాలు వియత్నాం దీవి ఫు క్వాక్ మీద దాడి చేశాయి. థో చూ అనే ఇంకో దీవిలో దిగి సుమారు 500 మంది పౌరులను పట్టుకుపోయాయి. వాళ్ళు మళ్ళీ ఇళ్ళకు రాలేదు.

దీని వెనక పాత భయం ఒకటుంది. మెకాంగ్ డెల్టా ఒకప్పుడు ఖ్మేర్ రాజ్యంలో భాగం. కొన్ని వందల ఏళ్ళలో అది కొంచెం కొంచెంగా వియత్నాం చేతుల్లోకి పోయింది. తమ దేశం మొత్తాన్ని ఏదో ఒక రోజు వియత్నాం మింగేస్తుందన్న భయం సామాన్య కంబోడియన్లలో కూడా ఉండేది. ఖ్మేర్ రూజ్ నాయకుడు పోల్ పాట్ ఆ భయాన్ని పార్టీ సిద్ధాంతంలో కలిపేశాడు. లావోస్‌లో వియత్నాం తన సైన్యాన్ని ఉంచి, 1977లో ఆ దేశంతో ప్రత్యేక ఒప్పందం చేసుకోవడం చూసి తర్వాతి వంతు తమదేనని అతను నమ్మాడు. ఇండోచైనాలో పెద్దన్నగా ఉండాలన్న కోరిక వియత్నాం రాజధాని హనోయ్‌లోని నాయకులకు ఉన్నమాట నిజమే. అయితే ఆ అనుమానం సరిహద్దు గ్రామాల్లో నిద్రపోతున్న రైతు కుటుంబాలను నరకడానికి సమాధానం కాలేదు.

1977 ఏప్రిల్ 30న, వియత్నాం తన విజయ వార్షికోత్సవం జరుపుకుంటున్న రోజున, ఖ్మేర్ రూజ్ దళాలు ఆంజాంగ్ రాష్ట్రంలోని ఊళ్ళ మీద పడ్డాయి. సెప్టెంబరులో టే నిన్ రాష్ట్రంలో వందల మందిని చంపాయి. ఆ డిసెంబరులో వియత్నాం సైన్యం కంబోడియా లోపలికి వెళ్ళి దెబ్బ కొట్టి, జనవరిలో వెనక్కి వచ్చింది. పోల్ పాట్ డిసెంబరు 31నే దౌత్య సంబంధాలు తెంచేశాడు, ఆ సైన్యం వెనక్కి పోవడాన్ని తన విజయంగా ప్రకటించుకున్నాడు. 1978 ఫిబ్రవరి 5న హనోయ్ ఒక ప్రతిపాదన పెట్టింది: పోరాటం ఆపుదాం, రెండు సైన్యాలూ సరిహద్దు నుంచి ఐదేసి కిలోమీటర్లు వెనక్కి పోదాం, అంతర్జాతీయ పర్యవేక్షణ పెట్టుకుందాం అని. నాంపెన్ ఒప్పుకోలేదు. ఏప్రిల్ నెల రెండో సగంలో బా చుక్ అనే ఊరిలో ఖ్మేర్ రూజ్ సైనికులు 3,157 మందిని చంపారు. గుళ్ళలో దాక్కున్నవాళ్ళను కూడా వదల్లేదు. మే నెలలో నాంపెన్ రేడియో ఒక లెక్క వినిపించింది: ఒక్కో కంబోడియన్ ముప్పై మంది వియత్నామీయులను చంపితే చాలు, ఇరవై లక్షల మందితో ఐదు కోట్ల మందిని తుడిచిపెట్టొచ్చని.

వియత్నాం దండయాత్రను పూర్తిగా తప్పుపట్టేవాళ్ళు ఈ రెండేళ్ళ చరిత్రను త్వరత్వరగా దాటేస్తారు. నాకు మాత్రం ఇక్కడే అసలు విషయం ఉందనిపిస్తుంది. ఐక్యరాజ్యసమితి చార్టర్‌లోని 2(4) అధికరణం ప్రకారం ఏ దేశమూ ఇంకో దేశం మీద బలం ప్రయోగించకూడదు. దానికున్న పెద్ద మినహాయింపు 51వ అధికరణం. తన మీద సాయుధ దాడి జరిగితే ఏ దేశమైనా ఆత్మరక్షణ చేసుకోవచ్చు. దాడి జరిగింది. హనోయ్ పరిమితంగా ఎదురుదెబ్బ తీసి చూసింది, దాడులు ఆగలేదు. మాట్లాడుకుందామంది, అవతలివాళ్ళు కాదన్నారు. ఆత్మరక్షణకు ఇంతకన్నా బలమైన కేసు ఇరవయ్యో శతాబ్దంలో ఎక్కువ లేవు.

సరే, దాడులు ఆపడానికి సరిహద్దులో ఇరవై ముప్పై కిలోమీటర్లు ఆక్రమిస్తే సరిపోయేది కదా, రాజధానిదాకా ఎందుకు వెళ్ళడం అని అడగొచ్చు. మంచి ప్రశ్నే. ఆత్మరక్షణ ముప్పుకు తగ్గట్టుగా ఉండాలి. కానీ ఆ ముప్పు ఒక సరిహద్దు తగాదా నుంచి పుట్టినదైతే కదా, సరిహద్దు దగ్గరే తీరడానికి? వియత్నామీయులు బతికుండకూడదన్నది ఆ పాలన నమ్మకం. 1975లోనే లక్షన్నర మంది వియత్నామీయులను కంబోడియా నుంచి వెళ్ళగొట్టారు. మిగిలిపోయిన వేల మందిని వెతికి వెతికి చంపారు. అలాంటి ప్రభుత్వం పక్కనుండగా భద్రత కావాలంటే ఆ ప్రభుత్వం పోవాల్సిందే అన్న నిర్ణయానికి హనోయ్ రావడం నాకు అతిగా అనిపించదు.

ఇక ఆ దేశం లోపల జరుగుతున్నది. డబ్బు రద్దు, బజార్లు రద్దు, బళ్ళు మూత, బౌద్ధ భిక్షువుల కాషాయాలు విప్పించడం. కుటుంబాలను విడదీసి పొలాల్లో వెట్టి చాకిరీ. వరి పండిస్తున్నవాళ్ళకే గంజినీళ్ళు. మూడేళ్ళ ఎనిమిది నెలల్లో ఆకలితో, రోగాలతో, హత్యలతో చనిపోయినవాళ్ళు 15 నుంచి 20 లక్షలని చరిత్రకారుల అంచనా. దేశ జనాభా దాదాపు 78 లక్షలు. నలుగురైదుగురిలో ఒకరు పోయారన్నమాట. 1978 మే నుంచి తూర్పు ప్రాంతపు సొంత పార్టీ కార్యకర్తలను, అక్కడి రైతులను కూడా వియత్నాం మనుషులన్న ముద్ర వేసి చంపడం మొదలుపెట్టారు. అలా తప్పించుకుని సరిహద్దు దాటినవాడే హెంగ్ సామ్రిన్. అంతకు ఏడాది ముందే పారిపోయినవాడు, తర్వాత ప్రధాని అయిన హున్ సేన్. 1978 డిసెంబరు 2న వీళ్ళతో వియత్నాం ఒక ఐక్య సంఘటనను నిలబెట్టింది. డిసెంబరు 25న లక్షన్నర మంది సైనికులతో కదిలింది. రెండు వారాల్లో పోల్ పాట్ ప్రభుత్వం కూలిపోయింది.

వియత్నాం కంబోడియన్ల ప్రాణాలు కాపాడటానికే వెళ్ళిందా? లేదు, ఈ విషయం దాచకుండా చెప్పుకోవాలి. హనోయ్ 1977 చివరిదాకా పోల్ పాట్ హత్యల గురించి బహిరంగంగా నోరు విప్పలేదు. తన ఊళ్ళు తగలబడ్డాకే మాట్లాడింది. నాంపెన్ వెనక చైనా ఉంది. ఉత్తరాన చైనా, దక్షిణాన చైనా మిత్రుడు అన్న పరిస్థితి వియత్నాంకు ఊపిరాడనివ్వలేదు. 1978 నవంబరు 3న సోవియట్ యూనియన్‌తో మైత్రీ ఒప్పందం చేసుకుని వెన్ను కాచుకున్నాకే కదిలింది. పొరుగున తన మాట వినే ప్రభుత్వం ఉండాలని కూడా కోరుకుంది.

ఇంకో విశేషం. భద్రతామండలిలో వియత్నాం ప్రతినిధి మానవత్వం పేరుతో వాదించలేదు. రెండు యుద్ధాలు జరిగాయన్నాడు. ఒకటి సరిహద్దులో వియత్నాం ఆత్మరక్షణ యుద్ధం, రెండోది కంబోడియా ప్రజలే పోల్ పాట్ మీద తిరగబడి చేసిన యుద్ధం అని. రెండో మాట అబద్ధం. నాంపెన్‌ను పట్టుకున్నది వియత్నాం డివిజన్లు. హెంగ్ సామ్రిన్ మనుషులు వాటి పక్కన చిన్న భాగం. లక్షల మంది చచ్చిపోతున్నారన్న ఒక్క మాటను ప్రధాన వాదంగా ఎందుకు ఎత్తుకోలేదు? పౌరులను చంపుతున్న ప్రభుత్వం మీదికి పొరుగు దేశం వెళ్ళొచ్చు అన్న సూత్రాన్ని అప్పట్లో దాదాపు ఎవరూ ఒప్పుకునేవాళ్ళు కారు. సోవియట్ కూటమికి అది అసలే గిట్టదు, రేపు ఆ సూత్రం తమ మీదికే తిరగొచ్చు. 1978 ఆగస్టులో అమెరికా సెనేటర్ జార్జ్ మెక్‌గవర్న్ అంతర్జాతీయ సైన్యాన్ని పంపి కంబోడియా హత్యలను ఆపాలన్నాడు. వియత్నాం యుద్ధాన్ని గట్టిగా వ్యతిరేకించిన మనిషి అన్న మాట అది. ఆయన ప్రభుత్వం కూడా పట్టించుకోలేదు.

ఉద్దేశం స్వార్థమైనప్పుడు ఫలితం మంచిదైనా దాన్ని న్యాయం అనొచ్చా? అనొచ్చనే నా అభిప్రాయం, ఒక షరతు మీద: ఆ ఫలితం యాదృచ్ఛికంగా రాకూడదు, చేసిన పనికి నేరుగా కలగాలి. హంతకుల ప్రభుత్వాన్ని కూల్చడమే ఇక్కడి సైనిక లక్ష్యం. హత్యలు ఆగడం ఆ లక్ష్యంతోనే వచ్చింది. 1971లో మన దేశం తూర్పు పాకిస్తాన్‌లోకి వెళ్ళినప్పుడు కూడా కోటి మంది శరణార్థుల భారం, పాకిస్తాన్‌ను బలహీనపరచాలన్న లెక్క, అక్కడి జనం మీద జరుగుతున్న ఊచకోత అన్నీ కలిసే ఉన్నాయి. 1979లోనే టాంజానియా సైన్యం ఉగాండాలోకి వెళ్ళి ఈదీ అమీన్‌ను దించేసింది. అంతకుముందు అమీన్ సైన్యం టాంజానియాలోని కగేరా ప్రాంతాన్ని ఆక్రమించింది కాబట్టి మొదలైన యుద్ధమది. వియత్నాం కథకు అచ్చంగా జోడీ. టాంజానియా మీద మాత్రం భద్రతామండలిలో తీర్మానం లేదు, ఆంక్షలు లేవు. అమీన్ వెనక చైనా లేదు, టాంజానియా వెనక సోవియట్ యూనియన్ లేదు. తేడా అక్కడుంది.

అవతలి వాదాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. ఆగ్నేయాసియాలోని చిన్న దేశాలు, అందులోనూ సింగపూర్, చెప్పింది ఇది: ఒక ప్రభుత్వం ఎంత నీచమైనదైనా సరే, బయటి సైన్యం వచ్చి దాన్ని దించి తన మనుషులను కూర్చోబెట్టడం ఒప్పుకుంటే, రేపు మాలాంటి చిన్న దేశాలకు ఏ రక్షణా ఉండదు. భద్రతామండలిలో ఫ్రాన్స్ కూడా ఇలాంటి హెచ్చరికే చేసింది. పెద్ద దేశాలు "మీ మంచికే వచ్చాం" అని చెప్పి చిన్న దేశాలను తొక్కిన చరిత్ర తెలిసినవాళ్ళెవరూ దీన్ని కొట్టిపారేయలేరు. థాయిలాండ్‌కైతే ఇది పుస్తకాల్లోని సూత్రం కూడా కాదు, వియత్నాం ట్యాంకులు దాని గుమ్మం ముందు నిలబడ్డాయి.

అందుకని "సైన్యం వెనక్కి పోవాలి" అనడం వరకు నేను అర్థం చేసుకోగలను. ఆ తర్వాత జరిగింది మాత్రం క్షమించలేనిది. 1979 సెప్టెంబరు 21న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం కంబోడియా సీటు ఎవరిదో ఓటు వేసి తేల్చింది. పోల్ పాట్ ప్రభుత్వ ప్రతినిధికే సీటు అని 71 దేశాలు, వద్దని 35 దేశాలు. 34 తటస్థం. అమెరికా, చైనా రెండూ ఆ 71లో ఉన్నాయి. అప్పటికి టువోల్ స్లెంగ్ ఫొటోలు బయటికొచ్చి నెలలు గడిచాయి. వేరే దారి లేదనడానికి వీల్లేదు. అదే నెలలో హవానాలో జరిగిన అలీన దేశాల సమావేశం కంబోడియా కుర్చీని ఖాళీగా ఉంచింది. ఆక్రమణను ఒప్పుకోకుండానే హంతకులకు గౌరవం ఇవ్వకుండా ఉండొచ్చని అక్కడ రుజువైంది. న్యూయార్క్‌లో ఆ పని చేయలేదు. చైనా ఆయుధాలు థాయిలాండ్ మీదుగా ఖ్మేర్ రూజ్ శిబిరాలకు చేరాయి. సరిహద్దు శిబిరాలకు వెళ్ళిన విదేశీ ఆహార సాయంతో శరణార్థులతోపాటు పోల్ పాట్ సైనికులూ కోలుకున్నారు. 1982లో కంబోడియా మాజీ రాజు సిహనూక్‌ను ముందు పెట్టి ఒక కూటమి ప్రభుత్వం కట్టారు. దాని సైనిక బలంలో ఎక్కువ భాగం ఖ్మేర్ రూజ్‌దే.

చైనా దాడి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. చైనా నాయకుడు డెంగ్ సియావోపింగ్ అమెరికా వెళ్ళి, వియత్నాంకు గుణపాఠం నేర్పాలని అక్కడివాళ్ళకు చెప్పి వచ్చి యుద్ధం మొదలుపెట్టాడు. మన విదేశాంగ మంత్రి వాజ్‌పేయి ఆ సమయంలో చైనా పర్యటనలోనే ఉన్నాడు. 1962 తర్వాత ఆ స్థాయి నాయకుడు వెళ్ళడం అదే మొదటిసారి. పర్యటన మధ్యలో ఆపేసి తిరిగొచ్చాడు. చైనా సైన్యం లాంగ్ సాన్, కావ్ బాంగ్ పట్టణాలను నేలమట్టం చేసి మార్చి నడుమకల్లా వెనక్కి వెళ్ళింది. రెండు వైపులా వేల మంది పోయారు. కంబోడియా నుంచి వియత్నాం కదల్లేదు. ఆ దాడి వల్ల ఒక్క కంబోడియన్ ప్రాణం కూడా నిలవలేదు. వియత్నాం చేసిన దాన్ని సమర్థించే ఏ కారణమూ చైనా చేసినదానికి వర్తించదు. "ఇంత పెద్ద యుద్ధానికి వియత్నామే కారణం" అనేవాళ్ళు బీజింగ్‌కు తన నిర్ణయం తాను తీసుకునే బుద్ధి ఉందన్న సంగతి మరిచిపోతున్నారు.

ఇప్పుడు వియత్నాంకు అప్రతిష్ఠ తెచ్చిన భాగానికి వద్దాం. నాంపెన్‌లో హెంగ్ సామ్రిన్ నాయకత్వంలో ఏర్పడిన ప్రభుత్వంలో మంత్రుల పక్కన వియత్నాం సలహాదారులుండేవాళ్ళు. పెన్ సోవాన్ 1981లో ప్రధాని అయ్యాడు. కొంచెం స్వతంత్రంగా ఉండబోయాడు. ఆ డిసెంబరులోనే అరెస్టు చేసి వియత్నాం తీసుకుపోయారు, పదేళ్ళు అక్కడే నిర్బంధంలో ఉంచారు. ఒక దేశపు ప్రధానిని ఇంకో దేశపు జైల్లో పెట్టాక స్వాతంత్ర్యం గురించి ఏం మాట్లాడతాం? 1980ల నడుమ కె-5 పేరుతో థాయిలాండ్ సరిహద్దు పొడవునా అడవులు కొట్టి, మందుపాతరలు పాతే పనికి కంబోడియా రైతులను బలవంతంగా పంపారు. మలేరియాతో, పాతరలు పేలి చాలామంది చనిపోయారు. పోల్ పాట్ కాలంలో వెట్టి చేసి బతికిన మనుషులను మళ్ళీ వెట్టికి లాగారు. దీనికి నా దగ్గర సమర్థన లేదు.

అయినా, 1980లోనో 1981లోనో సైన్యం వెళ్ళిపోతే ఏమయ్యేది? సరిహద్దులో చైనా ఆయుధాలతో వేల మంది ఖ్మేర్ రూజ్ సైనికులు కాచుకుని ఉన్నారు. 1989 సెప్టెంబరులో వియత్నాం సైన్యం వెళ్ళిపోయిన నెలలోపే వాళ్ళు రత్నాల గనులున్న పైలిన్ పట్టణాన్ని పట్టుకున్నారు. కాబట్టి ఆ ముప్పు హనోయ్ కల్పించుకున్నది కాదు. వియత్నాం ఉండిపోవడానికి ఖ్మేర్ రూజ్ బతికుండటం కారణమైంది. ఖ్మేర్ రూజ్‌ను బతికించడానికి వియత్నాం ఉండిపోవడం సాకైంది. ఈ ముడిని రెండు వైపులా బిగించారు. మధ్యలో నలిగింది కంబోడియన్లు.

భారతదేశం ఏం చేసిందన్నది మన తెలుగువాళ్ళు తెలుసుకోవాల్సిన సంగతి. జనతా ప్రభుత్వం ఎటూ తేల్చలేదు. 1980లో ఇందిరాగాంధీ తిరిగొచ్చాక విదేశాంగ శాఖ పి.వి. నరసింహారావు చేతికి వచ్చింది. ఆ జులై 7న ఆయన లోక్‌సభలో హెంగ్ సామ్రిన్ ప్రభుత్వాన్ని గుర్తిస్తున్నట్టు ప్రకటించాడు. సోవియట్ కూటమి బయట అలా చేసిన దేశాలు చాలా తక్కువ. ఆగ్నేయాసియా దేశాలకు కోపం వచ్చింది, ఆ సంబంధాలు మళ్ళీ చిగురించడానికి పీవీయే ప్రధానిగా ఉన్న 1990ల దాకా ఆగాల్సి వచ్చింది. ఆ గుర్తింపులో సోవియట్ స్నేహం, చైనా మీద అనుమానం లేకపోలేదు. కానీ దేశం ఎవరి పాలనలో ఉందో వాళ్ళను గుర్తించి, జనాన్ని చంపినవాళ్ళను తిరస్కరించడం సరైన పనేనని నేను గట్టిగా నమ్ముతాను. తర్వాత 1986 నుంచి 1993 దాకా మన పురావస్తు శాఖవాళ్ళు ఆంగ్‌కోర్ వాట్ గుడిని బాగుచేశారు. ఆ రోజుల్లో అక్కడికి వెళ్ళి పనిచేయడానికి ముందుకొచ్చినవాళ్ళు ఎక్కువమంది లేరు.

1991 అక్టోబరులో పారిస్ ఒప్పందం కుదిరింది. 1993లో ఐక్యరాజ్యసమితి నడిపిన ఎన్నికలను ఖ్మేర్ రూజ్ బహిష్కరించింది. పోల్ పాట్ 1998లో అడవిలో చచ్చిపోయాడు, ఏ అంతర్జాతీయ కోర్టు బోనూ ఎక్కలేదు. ఐక్యరాజ్యసమితి సాయంతో ఏర్పడిన ప్రత్యేక న్యాయస్థానం 2018 నవంబరులో ఖ్మేర్ రూజ్ అగ్రనాయకులు నువోన్ చియా, ఖియూ సాంఫాన్‌లను జాతి నిర్మూలన నేరానికి దోషులుగా తేల్చింది. అందులో కంబోడియాలోని వియత్నామీయుల హత్యలూ ఉన్నాయి. ఈ ఖియూ సాంఫానే 1982 కూటమిలో విదేశీ వ్యవహారాలు చూసిన ఉపాధ్యక్షుడు, ప్రపంచ దేశాల ప్రతినిధులు చేయి కలిపిన మనిషి.

కంబోడియాలో జనవరి 7 ఇప్పటికీ సెలవు రోజు. పాలక పార్టీ దాన్ని రెండో పుట్టుక అంటుంది. ప్రతిపక్షంలో చాలామంది దాన్ని ఆక్రమణ మొదలైన రోజంటారు. 2019లో అప్పటి సింగపూర్ ప్రధాని లీ సియన్ లూంగ్ వియత్నాం కంబోడియాను ఆక్రమించిందని రాస్తే హనోయ్, నాంపెన్ రెండూ మండిపడ్డాయి. సార్వభౌమత్వం గురించి ఆయన దేశం 1979లో చెప్పిన మాటను ఈ రోజు కూడా నేను గౌరవిస్తాను. ఆనాడు ఆ మాట చెప్పిన ప్రభుత్వాలన్నిటికీ ఒక ప్రశ్న మిగిలే ఉంది: వియత్నాం వెళ్ళకూడదంటే, 1978 డిసెంబరులో టువోల్ స్లెంగ్‌లో ఉన్న ఖైదీల కోసం ఎవరు వెళ్ళాలని మీ ఉద్దేశం? భద్రతామండలి చర్చల్లో ఒక్కరూ దానికి జవాబివ్వలేదు.